ఒక ఫైలుకు ఒకే చీటీ

"ఈ ఫైలు మన నెట్‌వర్క్‌లో ఒకే ఒక్క కంప్యూటర్‌కు చేరింది."

జూలై పదమూడు, శనివారం, మధ్యాహ్నం రెండున్నరకు నేను సంతకం చేసిన రిపోర్టులో ఇది నాలుగో వాక్యం. రిపోర్టులో ఉన్నవి మొత్తం పదకొండు వాక్యాలు. పది నిజం, నాలుగోది అబద్ధం. కావాలని రాసిన అబద్ధం కాదు. లెక్క చూసి, రెండోసారి సరిచూసి మరీ రాశాను. కంప్యూటర్ల కాపలా పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఇది చదివితే, వాళ్ల తప్పులు వాళ్లు చేసుకుంటారు గానీ నా తప్పు మాత్రం మళ్లీ చేయరని ఆశ.

మాది పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ. సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. టైపిస్టుగా చేరాను. టైపుమిషన్లు పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు నన్ను దాని ముందు కూర్చోబెట్టారు, మళ్లీ లేవమని ఎవరూ చెప్పలేదు. అట్లా ముప్పై నాలుగేళ్లు గడిచేసరికి నెట్‌వర్క్ భద్రత నా చేతికి వచ్చింది. విభాగంలో ఇద్దరమే. నేను, నాకు తోడు పటాన్‌చెరు పాత ఊరివాడైన ఒక భాయ్. వైర్లు లాగే పనితో మొదలుపెట్టి, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే స్విచ్‌ల దాకా ఎదిగినవాడు. ఫ్యాక్టరీలో ఏ గోడ వెనక ఏ తీగ పోతుందో ఆయనకు తప్ప ఇంకొకరికి తెలియదు. కాగితం మీద గీసి పెట్టమంటే మాత్రం పదహారేళ్లుగా "రేపు" అనేవాడు. నాది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. ప్రతి పనీ టైముతో సహా డైరీలో ఎక్కించేదాన్ని. "మా మేడం మెతుకులు గూడ లెక్కవెట్టి తింటది" అని క్యాంటీన్‌లో నా ముందే అనేవాడు.

మా దగ్గర చొరబాట్లను పసిగట్టే ఒక ఇంజన్ ఉండేది. ఇంజన్ అంటే ప్రోగ్రామే. ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌లో వచ్చేపోయే వాటన్నిటి నకలు ఒకటి స్విచ్ నుంచి దానికి అందుతుంది. అది ఎవరినీ ఆపదు, పక్కన నిలబడి చూస్తుంది, అనుమానం వస్తే చెప్తుంది. దానికి ఇంకో పని కూడా ఉంది. దారిలో ముక్కలు ముక్కలుగా పోయే ఫైళ్లను ఏరి, మళ్లీ అతికించి, ఒక ప్రతిని డిస్కులో దాస్తుంది. రేపు ఏదైనా జరిగితే తీసి చూసుకోవడానికి. ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి: తాళం వేసి, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా మార్చి, పంపే ఫైళ్లు దానికి కనబడవు. మాకు సరుకు మోసే లారీ కంపెనీల వెబ్‌సైట్లు పాతవి, తాళం లేనివి. ఫ్యాక్టరీ లోపల తిరిగే కాగితాలూ అంతే. కాబట్టి మా ఇంజన్‌కు చాలానే కనబడేది.

దాచే పద్ధతి మాత్రం అధ్వానంగా ఉండేది. మొదటి ఫైలుకు ఒకటి, రెండోదానికి రెండు, అట్లా వరస నంబర్లు పేర్లుగా పెట్టేది. ఒక్కో ఫైలు పక్కన ఒక చిన్న చీటీ. ఏ టైముకు వచ్చింది, ఎక్కడి నుంచి, ఏ కంప్యూటర్‌కు అన్నది ఆ చీటీలో ఉంటుంది. కరెంటు పోయి వస్తే ఇంజన్ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి పాత ఒకటో నంబరు మీదే కొత్తది రాసేది. మా వాడలో కరెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. పోనీ కరెంటు నిలకడగా ఉన్నా, తొమ్మిది రోజులకు డిస్కు నిండిపోయేది.

ఎందుకు నిండుతున్నదో చూద్దామని మార్చిలో ఒక తొమ్మిది రోజుల సరుకు మొత్తం లెక్కపెట్టాను. 61,204 ఫైళ్లు. అందులో వేరువేరువి 11,870 మాత్రమే. మిగతావన్నీ ఒకదానికొకటి నకళ్లు. మా కంపెనీ గుర్తు బొమ్మ ఒక్కటే 8,316 సార్లు ఉంది. ఆ బొమ్మను అన్నిసార్లు దాచుకునేంత అందమేమీ అందులో లేదు.

దీనికి మందు ఉంది. ఫైలు లోపలి సరుకును లెక్కగట్టి అరవై నాలుగు అక్షరాల వేలిముద్ర తీయవచ్చు. సరుకులో ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. సరుకు అదే అయితే, పైన పేరు ఏది పెట్టినా ముద్ర ఒకటే. ఆ ముద్రనే ఫైలు పేరుగా పెట్టాను. ముద్రలోని మొదటి రెండు అక్షరాలను బట్టి 256 సొరుగులు చేశాను. వచ్చిన ఫైలు ముద్ర సొరుగులో ముందే ఉంటే, మళ్లీ రాయనక్కర్లేదు. చీటీకి కూడా అదే ముద్ర పేరు పెట్టాను. ఒక ఫైలు, ఒక చీటీ. మూడు వారాలు పక్కన పెట్టి పరీక్షించి, ఏప్రిల్ పదిహేను, సోమవారం ఉదయం అసలు ఇంజన్‌లో ఎక్కించాను. తొమ్మిది రోజుల డిస్కు నలభై మూడు రోజులకు వచ్చింది. హెడ్డాఫీసు వాళ్లు వచ్చి చూపించమన్నారు. మిగతా ఫ్యాక్టరీలకు కూడా పెడతారట.

లకడారం వైపు మా రెండో యూనిట్‌లో ఒక చిన్న మిషన్ ఉండేది. సాయంత్రం ఏడింటికి ఆ రోజు కొత్తగా వచ్చిన ఫైళ్లు, చీటీలు దానంతట అదే అక్కడికి నకలయ్యేవి. పది రోజులు దాటినవాటిని అది తుడిచేసేది.

ఇంటికి బయలుదేరేముందు ఐదింటికి నేను రెండు అంకెలు చూసుకునేదాన్ని. ఫైళ్లు ఎన్ని, చీటీలు ఎన్ని. రెండూ సమానం. డైరీలో టిక్కు. సెలవులు పోను డెబ్బై రెండు సాయంత్రాలు, డెబ్బై రెండు టిక్కులు. ఒక్కరోజు కూడా ఒక్క అంకె తేడా రాలేదు. అంత కచ్చితంగా కుదిరిన లెక్క నా సర్వీసులో ఇంకొకటి లేదని మురిసిపోయాను.

జూలై పదకొండు, గురువారం ఉదయం తొమ్మిదికి డిస్పాచ్ విభాగంలో లేబుళ్లు ముద్రించే కంప్యూటర్లు బిగుసుకుపోయాయి. లేబుల్ లేనిదే డ్రమ్ము గేటు దాటదు. పదింటికల్లా బయట తొమ్మిది లారీలు వరసగా ఆగిపోయాయి. ఏదో పాడు ఫైలు లోపలికి వచ్చిందని అర్థమైంది. భాయ్ పరుగెత్తి వెళ్లి పదీ పదిహేనుకు రెండో యూనిట్‌కు పోయే లైను పీకేశాడు, అక్కడి మిషన్లు కూడా ఆపించాడు. నగరం నుంచి నిపుణులు వచ్చి రెండు రోజులు కూర్చున్నారు. శనివారం ఉదయం వాళ్లు ఆ పాడు ఫైలు వేలిముద్ర నా చేతికి ఇచ్చారు.

నేను ఆ ముద్రను నా సొరుగుల్లో వెతికాను. ఒక్క సెకను పట్టింది. పాత పద్ధతిలో అయితే రోజంతా పట్టేది, దొరికేదని నమ్మకం కూడా లేదు. వెనక నిలబడ్డ నిపుణుల్లో ఒకడు మెచ్చుకోలుగా ఈల వేశాడు. చీటీ తెరిచాను. జూలై పది, బుధవారం, పగలు పదకొండూ ఐదు. ఒక లారీ కంపెనీ వెబ్‌సైట్ నుంచి, డిస్పాచ్ మూడో టేబుల్ కంప్యూటర్‌కు.

ఇంకే కంప్యూటర్‌కైనా చేరిందా అని సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసర్ అడిగారు. చూశాను. ఫైలు ఒకటి, చీటీ ఒకటి. నాలుగో వాక్యం రాశాను. దాన్ని నమ్ముకుని నిపుణులు మూడో టేబుల్ కంప్యూటర్‌నూ, లేబుల్ కంప్యూటర్లనూ శుభ్రం చేసి వెళ్లిపోయారు.

మూడో టేబుల్ దగ్గర కూర్చునేది చిట్కుల్ నుంచి వచ్చే ఒక అమ్మాయి. కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ, మూడున్నరేళ్లుగా అదే కుర్చీ. లారీ కంపెనీల వెబ్‌సైట్‌లో బండి నంబరు చూసుకోవచ్చు గానీ, ఏదీ దింపుకోకూడదని డిస్పాచ్‌లో నియమం. దింపుకోవాలంటే మేనేజరే చేయాలి. ఆ అమ్మాయి రాసిచ్చిన వాంగ్మూలంలో, బుధవారం డిస్పాచ్ మేనేజర్ ఫోన్ చేసి ఆ సైటులో ఉన్న రసీదు దింపి ప్రింటు తీయమన్నారని ఉంది. మేనేజర్‌ని అడిగితే, ఆ రసీదు సంగతే తనకు తెలియదని, ఆ సైటు మొహమే చూడలేదని అన్నారట. సోమవారం పదిహేనున ఆమె గేటు పాసు తీసేసుకున్నారు. ఇరవయ్యో తేదీ శనివారం పదకొండింటికి విచారణ. తేలితే పనిలోంచి తీసేస్తారు. మా వాడలో ఒక గేటు దగ్గర పాసు పోయినవాళ్లకు పక్క గేటులో పని దొరకదు. కాంట్రాక్టర్లందరూ ఒకరికొకరు ఫోన్ దూరంలో ఉంటారు.

ఆ వాంగ్మూలం నకలు నా బల్ల మీదికి కూడా వచ్చింది. చదివాను. దాని పక్కన పెన్సిల్‌తో "రికార్డులో ఆధారం లేదు" అని రాశాను. చక్కటి దస్తూరి నాది.

భాయ్ పీర్ల పండుగకు సెలవు పెట్టి, పద్దెనిమిదో తేదీ గురువారం వచ్చాడు. రాగానే నా రిపోర్టు చదివాడు. ఆయన కాగితాలు చదవడమే అరుదు. చదివి, కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

"పాడు ఫైలుకు ఒక్కటే చీటీ ఉన్నదా మేడం?"

ఒక్కటేనన్నాను.

"క్యాంటీన్ మెనూకు ఎన్ని ఉన్నయ్?"

దానికీ దీనికీ సంబంధం ఏమిటన్నాను. నాకు విసుగొచ్చింది కూడా.

"వారానికొక మెనూ ఫైలు. పొద్దుగాల్నే మూడు నాలుగొందల మంది తెరుస్తరు, బిర్యానీ ఏ దినం ఉన్నదో చూసుకునేటందుకు. జెర చూడుండ్రి, ఎన్ని చీటీలున్నయో."

చూశాను. ఒక్కటి. ఆ ఉదయం పదీ నలభైకి, క్వాలిటీ ల్యాబులోని కంప్యూటర్‌కు. భాయ్ పక్క గదిలోకి వెళ్లి, తన కంప్యూటర్‌లో మెనూ తెరిచి వచ్చాడు. మళ్లీ చూడమన్నాడు. చీటీ అప్పటికీ ఒక్కటే. కానీ టైము పదీ నలభై ఏడు. కంప్యూటర్, భాయ్‌ది. ల్యాబు లేదు.

"ల్యాబోళ్లది యాడికి పోయింది?" అన్నాడు.

"నేనే తుడిచిన భాయ్."

ఫైలుకూ చీటీకీ ఒకే పేరు పెట్టింది నేను. ఫైలు రెండోసారి వస్తే, ఉన్నది కదా అని ఇంజన్ దాన్ని వదిలేసేది. కానీ చీటీ మాత్రం కొత్తది రాసేది, పాతదాని మీదే. ఒక ఫైలు నాలుగొందల మందికి చేరితే నాలుగొందలో చీటీ ఒక్కటే మిగులుతుంది. అందుకే నా రెండు అంకెలు రోజూ కుదిరాయి. అవి కుదరకుండా ఉండాల్సింది. ఫైళ్ల కన్నా చీటీలు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండి ఉంటేనే నా పని సరిగ్గా జరిగినట్టు. అజాగ్రత్తగా ఉండే మనిషి ఎవరైనా నా స్థానంలో ఉంటే, ఎప్పుడో ఒక సాయంత్రం ఇదేమిటి ఇంత సరిగ్గా వస్తున్నదని అనుమానపడేవాడేమో. నాకు సమానమైన అంకెలు చూస్తే అనుమానం రాదు, నిద్ర పడుతుంది.

అంటే మూడో టేబుల్ చీటీ ఆ పాడు ఫైలు చివరిసారి ఎవరికి చేరిందో చెప్తున్నది. మొదటిసారి ఎవరికి చేరిందో, మధ్యలో ఎందరికి చేరిందో ఏమీ చెప్పదు. ఇంకా ఎన్ని కంప్యూటర్లలో అది కూర్చుని ఉందో నాకు తెలియదు. ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. నా రిపోర్టు చదివినవాళ్లకు మాత్రం తెలుసు, ఒక్కటేనని.

మీద రాసిన చీటీ కింద పాతది దొరకదు. పగలంతా ప్రయత్నించాను, దొరకలేదు. మధ్యాహ్నం మూడింటికి భాయ్ రెండో యూనిట్ మిషన్ సంగతి ఎత్తాడు. అక్కడికీ ఇదే చీటీ కదా నకలయ్యేది, అక్కడా తుడుచుకుపోయి ఉంటుందన్నాను. అన్న తర్వాత, ఎందుకైనా మంచిదని నకలు తీసే ఆజ్ఞ తెరిచి చదివాను. ఆ యూనిట్‌కు లైను సన్నది. అందుకని, అదే పేరుతో అక్కడ ముందే ఉన్నదాన్ని మళ్లీ పంపవద్దని నేనే రాశాను. అంటే అక్కడికి మొదట చేరిన చీటీ అట్లాగే ఉంటుంది. ఇక్కడ తుడిచిన నా పొదుపే అక్కడ దాచి ఉంచింది. తెలివితో చేసింది కాదు, కలిసొచ్చింది.

అయితే ఆ మిషన్‌కు పది రోజుల గడువు ఉంది. పదకొండో తేదీ నుంచి అది ఆగి ఉంది. ఆన్ చేసిన క్షణాన అది చేసే మొదటి పని, పది రోజులు దాటినవి తుడవడం. ఇదంతా తేల్చుకునేసరికి సాయంత్రమైంది, రెండో యూనిట్ ఆఫీసు మూసేశారు. శుక్రవారం, పందొమ్మిది, ఎనిమిదిన్నరకు ఫ్యాక్టరీలో దిగగానే అక్కడి గార్డుకు ఫోన్ చేశాను. లైను మళ్లీ కలుపుతున్నారని, ఎలక్ట్రీషియన్ పొద్దున్నే వచ్చి ఒక్కొక్క గదిలో మిషన్లు ఆన్ చేసుకుంటూ వస్తున్నాడని చెప్పాడు.

"మా గదికి వచ్చిండా?"

"ఇంక రాలే మేడం. ప్యాకింగుల ఉన్నడు."

"ఆ గది తలుపుకడ్డంగ కుర్చీ ఏసుకొని కూసోండ్రి. నేనొచ్చేదాక ఎవ్వర్ని పోనియ్యొద్దు."

"గట్లెట్ల మేడం, ఆయన మా సార్ చెప్తే వచ్చిండు."

"మీ సార్ అడిగితే నా పేరు చెప్పుండ్రి."

భాయ్ స్కూటర్ మీద వెనక కూర్చుని వెళ్లాను. అప్పటికి నాకు యాభై ఏడు నిండాయి, స్కూటరెక్కి పదకొండేళ్లు. వాన, లారీలు, గుంతలు. దారి పొడుగునా భాయ్, మేడం గుంతలు గూడ రాసుకుంటున్నరా అని అడుగుతూనే ఉన్నాడు. తొమ్మిదీ ఇరవైకి చేరాం. గార్డు నిజంగానే తలుపుకు అడ్డంగా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఎలక్ట్రీషియన్ చేతులు కట్టుకుని నిలబడి, ఇద్దరూ క్రికెట్ గురించి మాట్లాడుకుంటున్నారు. మిషన్ ఆన్ చేయకుండా, నాలుగు స్క్రూలు విప్పి డిస్కు బయటికి తీశాం. టవల్‌లో చుట్టి నా టిఫిన్ సంచిలో పెట్టుకున్నాను. అన్నం డబ్బా గార్డుకు ఇచ్చేశాను, రెండూ పట్టలేదు.

వెనక్కి వచ్చి, ఆ డిస్కును దేనికీ కలపని వేరే కంప్యూటర్‌కు తగిలించి, చదవడానికి మాత్రమే తెరిచాను. చీటీ ఉంది. జూలై ఎనిమిది, సోమవారం, పగలు పదీ యాభై రెండు. అదే లారీ కంపెనీ వెబ్‌సైట్ నుంచి, డిస్పాచ్ మేనేజర్ లాప్‌టాప్‌కు.

మొదట నాకు తోచింది ఆ అమ్మాయి కాదు. నిజం చెప్పాలి కదా. మొదట తోచింది ఆ లాప్‌టాప్. పదకొండు రోజులుగా అది పాడు ఫైలుతో మా నెట్‌వర్క్‌లోకి వస్తూ పోతూ ఉంది. నా వాక్యం నమ్మి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వెంటనే ఫోన్ చేస్తే మేనేజర్ నగరంలో మీటింగులో ఉన్నారు, ఎత్తలేదు. పర్సనల్ ఆఫీసర్‌కు చెప్తే, రేపు విచారణ ఉంది కదా, అక్కడే చెప్పండన్నారు. రెండో రిపోర్టు చేత్తో రాసుకున్నాను. ఏడు వాక్యాలు.

ఇరవై, శనివారం, పదకొండింటికి నాలుగు నిమిషాల ముందు మీటింగు గదికి వెళ్లాను. పర్సనల్ ఆఫీసర్ ఉన్నారు. మేనేజర్ అప్పుడే వచ్చి లాప్‌టాప్ తెరిచి, బల్ల మీద ఉన్న నెట్‌వర్క్ తీగ దానికి పెట్టుకున్నారు. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మూడున్నరేళ్ల హాజరు కాగితాలు. రోజూ పనికి వచ్చానని రుజువు తెచ్చుకుంది. దానికి ఆ రోజు అడిగిన ప్రశ్నతో సంబంధం లేదు, అయినా ఆమె దగ్గర ఉన్న రికార్డు అదొక్కటే.

నేను కూర్చోకుండానే, ముందు ఆ లాప్‌టాప్ తీగ తీయమన్నాను.

"నా లాప్‌టాప్‌కేమైంది మేడం?" మేనేజర్ అన్నారు. "ఒకటే కంప్యూటర్ అని రిపోర్టుల మీరే రాసిన్రు గద."

"రాసిన సార్. తప్పు రాసిన."

తీయాలా వద్దా అని వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగానే, నా వెనక వచ్చిన భాయ్ వంగి తీగ పీకేశాడు. ఆయనకు పీకడంలో ఎప్పుడూ అనుమానం ఉండదు.

రెండు చీటీలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఏది ఎట్లా తుడుచుకుపోయిందో, ఏది ఎట్లా మిగిలిందో చెప్పాను. మెనూ సంగతి కూడా చెప్పాను. మేనేజర్ సోమవారం చీటీని దగ్గరికి లాక్కుని చదివారు. రోజుకు ఇరవై కాగితాలు చూస్తాం, తెరవబోయి ఉంటానేమో, తెరుచుకోలేదు కాబట్టి మర్చిపోయి ఉంటానన్నారు. ప్రింటు తీయమని ఆమెకు ఫోన్ చేశారా అని పర్సనల్ ఆఫీసర్ అడిగారు. చేసి ఉండొచ్చన్నారు. తలుపు దగ్గర నిలబడ్డ ఆమె వైపు మాత్రం చూడలేదు.

అప్పుడు పర్సనల్ ఆఫీసర్ నా వైపు తిరిగి, ఇది సాఫ్ట్‌వేర్‌లో లోపం అని రాసుకోమంటారా అని మర్యాదగానే అడిగారు. నాకు బయటపడే దారి చూపించారు, మంచి మనసుతోనే. నా రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలు. హెడ్డాఫీసు వాళ్లు వచ్చే నెలలో నా పని చూడబోతున్నారు.

"సాఫ్ట్‌వేర్ నేను చెప్పినట్టే చేసింది సార్," అన్నాను. "నేను చెప్పిందే తప్పు."

ఆయన అట్లాగే రాసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే లాప్‌టాప్ విప్పి చూస్తే పాడు ఫైలు అందులో ఉంది. ఇంకెక్కడికీ పాకలేదు, అది మా అదృష్టం. మేనేజర్‌కు ఒక హెచ్చరిక ఉత్తరం వచ్చింది. నాకూ ఒక మెమో వచ్చింది, ఇరవై రెండో తేదీతో. నా దగ్గర ఇప్పటికీ ఉంది. హెడ్డాఫీసు వాళ్లు రావడం మానుకున్నారు. నా మొదటి రిపోర్టు వెనక్కి ఇమ్మన్నాను. ఒకసారి ఫైలులో చేరిన కాగితం తీయకూడదన్నారు. ఆ నియమం సరైనదే. అందుకని అక్కడే కూర్చుని నాలుగో వాక్యం మీద ఒక్కటే గీత కొట్టాను, కింద ఏముందో చదవగలిగేటట్టు. పక్కన "ఇది నా తప్పు" అని రాసి, సంతకం, తేదీ, టైము వేశాను. పన్నెండూ ముప్పై ఐదు. మా ఇంజన్ నేర్చుకోవాల్సిన పద్ధతి కూడా అదే.

నేర్పించాను. ఆదివారం కూడా వచ్చి పని చేశాం. ఫైలు ప్రతి ఒక్కటే, అందులో మార్పు లేదు. కానీ అది ఎన్నిసార్లు వస్తే అన్ని చీటీలు. చీటీ పేరు ముద్రతో ఆగదు, వెనక టైము, దాని వెనక ఒక వరస నంబరు. ఏ చీటీ ఇంకో చీటీ మీద పడదు. పాత ఫైలు మళ్లీ కనబడితే దాని గడువు కూడా మళ్లీ మొదలవుతుంది, వాడుకలో ఉన్నది ముందే తుడుచుకుపోకుండా. రెండో యూనిట్ మిషన్ ఆన్ కాగానే తుడవడం మానేసింది, మనిషి చెప్తేనే తుడుస్తుంది. డిస్కు నలభై మూడు రోజుల నుంచి ముప్పై ఎనిమిదికి తగ్గింది. ఐదు రోజులు పోయాయి. పోనిచ్చాను.

సోమవారం, ఇరవై రెండు, ఆ అమ్మాయి గేటు పాసు తిరిగి ఇచ్చారు. పదకొండున్నరకు నేను డిస్పాచ్‌కు వెళ్లాను. మూడో టేబుల్ దగ్గర లేబుళ్లు ముద్రిస్తున్నది. వారం రోజుల పని పేరుకుపోయి ఉంది. నా రిపోర్టులో తప్పు రాశానని, అది నా పొరపాటని చెప్పాను. ఆమె పని ఆపకుండానే విన్నది.

"నేను రాసిచ్చిన కాయితం మీరు చదివిన్రట గద మేడం?"

చదివానన్నాను.

"సారు ఫోన్ చేసిండని అండ్ల రాసిన. మీ చీటీల సారు ముచ్చట లేదు. నా మాట కంటె గా చీటీ ఎట్ల పెద్దదైంది మేడం?"

చీటీ పెద్దదని నాకు ఎవరూ చెప్పలేదు. అది నేను రాసినది కాబట్టి పెద్దది అనుకున్నాను. ఆ పదకొండు రోజుల్లో ఆమె బల్ల దగ్గరికి గానీ, ఇంటికి గానీ వెళ్లి ఏం జరిగిందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మాట ఆమెతో అన్నాను.

"కూసోండ్రి," అన్నది, పక్క కుర్చీ కాలితో జరుపుతూ. "నాకు జెర పనుంది."

కూర్చున్నాను. ఇరవై ఆరు లేబుళ్లు వచ్చేదాకా ఆమె నా వైపు చూడలేదు. ఆ తర్వాత కుర్చీ తిప్పుకుంది. నేను డైరీ తెరిచి, సోమవారం ఎనిమిదో తేదీ నుంచి ఏం జరిగిందో మొత్తం చెప్పమన్నాను.

ఆమె తీరిగ్గా చెప్పింది. సోమవారం పొద్దున సారు తన లాప్‌టాప్‌లో ఏదో తెరుచుకోవడం లేదని విసుక్కున్నారట. మంగళవారం లారీ డ్రైవరు రసీదు కోసం రెండుసార్లు వచ్చి పోయాడట. బుధవారం ఫోన్ వచ్చినప్పుడు, ఈ సైటులోంచి ఏదీ దింపవద్దని మేడం వాళ్లు చెప్పారు కదా సార్ అని ఆమె అన్నదట. మేడం వాళ్లు అంటే నేను. రెండేళ్ల కింద నేనే వచ్చి చెప్పానట. సారు కోప్పడితే దింపింది. తెరవగానే అది ఏదో అనుమతి అడిగింది. ఆ సంగతి కూడా సారుకు చెప్పింది. నొక్కమన్నారు, నొక్కింది.

ఇందులో ఒక్క ముక్క కూడా ఏ చీటీలోనూ లేదు. రాసుకుంటే డైరీలో రెండు పేజీలు వచ్చింది. చివర తేదీ వేసి, టైము వేసి, చదివి వినిపించాను. ఒకచోట ఆపి, డ్రైవరు వచ్చింది రెండుసార్లు కాదు మూడుసార్లని దిద్దించింది. ఆమె చెప్పినట్టే దిద్దాను.